సద్దుల బతుకమ్మలో ఆ 'సద్ది' ఏంటి? పాలమూరు, నల్లగొండ పండుగ వంటలన్నీ మూట కట్టుకునేలా ఎందుకుంటాయి?

బతుకమ్మ అంటే పూల పండుగ. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఆ తొమ్మిది రోజుల పేర్లు ఒక్కసారి వరసగా చదివి చూడండి. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. మొదటి రోజు, మధ్యలో అలిగిన రోజు పక్కన పెడితే మిగతా ఏడూ తిండి పేర్లే. పూల పండుగలో పువ్వు పేరు ఉన్నది ఒక్క రోజుకే!

ఇక చివరి రోజు పేరులో ఉన్న 'సద్ది' అనే మాట దగ్గరే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వంట కథ మొత్తం ఉంది. సద్ది అంటే మూట కట్టుకొని పోయే తిండి. చేనుకు పోయినా, జాతరకు పోయినా, బతుకుదెరువు కోసం బొంబాయి పోయినా వెంట ఉండేది అదే. 'సద్ది తిన్న రేవు తలవాలె' అని ఇక్కడ సామెత కూడా ఉంది. దారిలో ఏ వాగు ఒడ్డున కూర్చొని సద్ది విప్పుకున్నామో ఆ చోటును మర్చిపోవద్దు అని అర్థం. మేలు చేసినవాళ్లను మర్చిపోవద్దని చెప్పడానికి వాడతారు. కృతజ్ఞతకు కూడా ప్రయాణంలో తిన్న బువ్వనే కొలతగా పెట్టుకున్నారన్నమాట.

ఈ ప్రాంతంలో పండుగ వంట, ప్రయాణం వంట వేరు వేరు కాదు. ఎందుకో చూద్దాం.

తొమ్మిది రోజులు ఏం పెడతారు?

బతుకమ్మ భాద్రపద అమావాస్య రోజు మొదలవుతుంది. ఊళ్లలో దీన్ని పెత్రమాస అంటారు. ఇంటి పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు కూడా ఇదే. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులు, బియ్యప్పిండి లేదా నూకలు కలిపి నైవేద్యం. రెండో రోజు అటుకులు, బెల్లం, ఉప్పు లేని సప్పిడి పప్పు. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు ఏమీ ఉండదు. ఒకప్పుడు బతుకమ్మకు మాంసం తగిలిందని, అందుకే అమ్మ అలిగిందని ఊళ్లలో చెప్పే కథ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, నైవేద్యమూ లేదు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లాగా ఒత్తి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపి ముద్దలు.

ఒక్కటి గమనించారా? ఇందులో పొయ్యి మీద గంటలు గంటలు ఉడికేది దాదాపు ఏదీ లేదు. కూరగాయల జాడే లేదు. నువ్వులు, బియ్యం, పప్పు, బెల్లం, పాలు. అంతే. పొద్దంతా చేన్లో పనిచేసి, మధ్యాహ్నం తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి, సాయంత్రానికి బతుకమ్మ పేర్చాల్సిన ఆడవాళ్లు చేసుకోగలిగిన వంట ఇది. వానాకాలం నువ్వులు, పెసలు ఇంటికి చేరే రోజులు కూడా ఇవే.

తొమ్మిదో రోజు మాత్రం లెక్క వేరు. పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం. చాలా ఇళ్లలో ఈ ఐదు రకాల సద్దులు చేస్తారు. వీటికి తోడు సత్తు. నువ్వులో, పల్లీలో, పెసలో, మక్కలో దోరగా వేయించి, దంచి లేదా మిక్సీ పట్టి, చక్కెరో బెల్లమో కలిపిన పొడి. ఆపైన మలీద ముద్దలు.

ఇవే ఎందుకు అంటే, సద్దుల రోజు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో కూర్చొని తినే విందు కాదు ఇది. పళ్లెంలో బతుకమ్మ, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకొని ఆడవాళ్లంతా చెరువు దాకా నడుస్తారు. చీకటి పడే దాకా ఆడతారు. బతుకమ్మను నీళ్లలో వదిలాక కట్ట మీదే డబ్బాలు విప్పుతారు. ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. విస్తరి లేదు, కూర లేదు, పప్పుచారు పోసుకునే వీలు లేదు. చీకట్లో, నిలబడి, చేత్తో తినాలి. పక్కామెకు పిడికెడు పంచాలి. కాబట్టి ముద్ద కట్టేది కావాలి, లేదంటే పొడి కావాలి. పొద్దున చేస్తే రాత్రి దాకా పాడవకూడదు. చింతపండు, నిమ్మకాయ పులుపు అన్నాన్ని తొందరగా చెడనివ్వదు. వేయించిన పొడిలో తడి ఉండదు కాబట్టి సత్తుకు అసలు భయమే లేదు.

మొత్తం మెనూ చెరువు గట్టును చూసి తయారైందే!

మలీద: బతుకమ్మ దగ్గరా అదే, పీర్ల దగ్గరా అదే

మలీద చేయడం చాలా తేలిక. రొట్టె కాల్చాలి. వేడి మీదే తుంచి, చేత్తో నలిపి, బెల్లం వేసి, నెయ్యి ఉంటే నెయ్యి పోసి ముద్ద కట్టాలి. అసలు ఆ మాటలోనే తయారీ ఉంది. పారసీలో 'మాలీదన్' అంటే నలపడం, రుద్దడం. అక్కడి నుంచి వచ్చిన పేరే మలీద.

పాలమూరు, నల్లగొండ ఊళ్లలో మొహర్రం అంటే పీర్ల పండుగ. పీర్లకు పెట్టేది కూడా ఈ మలీదనే. పీర్లు ఎత్తుకునేవాళ్లలో, మలీద తెచ్చేవాళ్లలో హిందువుల ఇళ్లు చాలా ఉంటాయి. అదే చేతులు, అదే రొట్టె, అదే బెల్లం. నెల మారితే సద్దుల బతుకమ్మ పళ్లెంలోకి వస్తుంది. ఇది ఎవరి వంట అని అడిగితే ఊళ్లో ఎవరికీ ఆ ప్రశ్నే అర్థం కాదు.

కందూరు కూడా అలాంటిదే. దర్గా దగ్గర మొక్కు తీర్చుకోవడానికి మేకను కోసి, వండి, చుట్టాలందరికీ పెట్టడాన్ని కందూరు చేయడం అంటారు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సు ఏటా జనవరిలో జరుగుతుంది. అక్కడికి మతంతో పని లేకుండా జనం వస్తారు. చెట్ల కింద పొయ్యిలు పెట్టుకొని వండుకొని తిని పోతారు.

జాతరకు పోతే వంటిల్లు కూడా వెంట పోవాల్సిందే

ఫుడ్ టూరిజం అని ఇప్పుడు కొత్త పేరు పెట్టారు గానీ, ఈ జిల్లాల్లో తిండి కోసం కాకపోయినా తిండితో ప్రయాణం చేయడం ఎప్పటి నుంచో ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి జాతర దీపావళి తర్వాత కార్తీకంలో మొదలవుతుంది. ఒకప్పుడు ఎడ్ల బండ్లు కట్టుకొని, బియ్యం, పప్పు, కుండలు వేసుకొని వచ్చేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు. కానీ గుట్ట కింద పొయ్యి వెలిగించడం మాత్రం పోలేదు. కొత్త కుండలో వండి స్వామికి నైవేద్యం పెడతారు. దాన్నే దాసంగం అంటారు. దేవుడికి పెట్టాక అక్కడే అందరూ కూర్చొని తింటారు.

ఉమ్మడి నల్లగొండలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర ఉంది. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతరగా దీనికి పేరు. యాదవులు పెద్ద ఎత్తున చేసే ఈ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. కిందటిది 2025 ఫిబ్రవరిలో జరిగింది. బోనం, యాటపోతు, గుట్ట చుట్టూ వేల పొయ్యిలు. ఇక్కడ హోటల్ వెతుక్కునేవాడు చుట్టాలు లేనివాడే.

జొన్న ఎట్లా పోయింది? బియ్యం ఎట్లా వచ్చింది?

ఇక్కడి దాకా విన్న వంటల్లో బియ్యం ఎక్కువ కనిపిస్తోంది కదా. కానీ ఇది బియ్యం సీమ కాదు. పాలమూరుది వాన తక్కువ పడే మెట్ట. ఎర్ర చెలకలు ఎక్కువ. పండేది జొన్న, సజ్జ, తైదలు, కంది, ఆముదం, పల్లి. రోజూ తినేది జొన్న రొట్టె, జొన్న గట్క, తైద అంబలి. అన్నం అంటే పండుగ. అందుకే పండుగ నైవేద్యంలో బియ్యం అంత గొప్పగా కూర్చుంది. మామూలు రోజు దొరకనిదే కదా దేవుడికి పెట్టేది.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. ఒకటి నీళ్లు. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద నల్లగొండ జిల్లా దక్షిణ భాగం వరి మాగాణి అయింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. రెండోది రేషన్. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టింది. దంచి, విసిరి, రొట్టె కొట్టే పని కంటే గంజి వార్చుకోవడం తేలిక. నీళ్లు రాని పాలమూరు ఇంట్లో కూడా అన్నమే మూడు పూటల తిండి అయింది. 2025 ఉగాది రోజు, మార్చి 30న, రేషన్ షాపుల్లో సన్న బియ్యం పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించింది కూడా ఉమ్మడి నల్లగొండలోని హుజూర్‌నగర్‌లోనే. మనిషికి నెలకు ఆరు కిలోలు.

కడుపు నిండింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. జొన్న గట్క తిన్న రోజులను ఇప్పుడు ముచ్చటగా చెప్పుకునేవాళ్లలో చాలామంది, అప్పట్లో వేరే గతి లేక అది తిన్న సంగతి చెప్పరు. కానీ ఇంకో నిజం కూడా ఉంది. చెలకల్లో పత్తి పెరిగింది, జొన్న తగ్గింది. ఇంట్లో జొన్న లేకపోతే రొట్టె లేదు, రొట్టె కొట్టే చెయ్యి కూడా తర్వాతి తరానికి రాదు.

ఆ చెయ్యి అంత తేలిగ్గా వచ్చేదీ కాదు. గోధుమ పిండిలో జిగురు ఉంటుంది, అంటే గ్లూటెన్. అందుకే చపాతీ కర్రతో ఎట్లా లాగినా సాగుతుంది. జొన్నలో అది లేదు. అందుకే మరిగిన నీళ్లు పోసి పిండి కలపాలి. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి కాస్త పట్టు వస్తుంది. ఆ పట్టు నిలిచేది కాసేపే. అంత లోపల అరచేత్తో తడుతూ, తిప్పుతూ, అంచు పగలకుండా పల్చగా చేయాలి. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో నీళ్లు రాయాలి. వీడియో చూసి మొదటిసారి చేసినవాళ్లకు రొట్టె ముక్కలు ముక్కలు అయ్యేది ఇక్కడే. చల్లటి నీళ్లతో కలపడమే తప్పు.

ఇప్పుడు చిత్రం ఏంటంటే, అదే జొన్న రొట్టె టౌన్‌కు తిరిగొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించక ముందే, షుగర్ ఉన్నవాళ్లు రొట్టె వైపు మళ్లారు. హైదరాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో సాయంత్రం అయితే చాలు, రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకొని రొట్టెలు కొట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. పనికోసం ఊరు విడిచి వచ్చిన కుటుంబాలే అందులో ఎక్కువ. ఊళ్లో పేదరికం గుర్తుగా ఉన్న రొట్టె నగరంలో కూలి డబ్బు అయింది.

బొంబాయి నుంచి ఊరికి, ఊరి నుంచి బొంబాయికి

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, ముంబై, పూణె బిల్డింగులు. ఏళ్ల తరబడి ఈ జిల్లా మనుషులు పని వెతుక్కుంటూ పోయారు. ఇంటికి వచ్చేది పండుగకే. దసరాకు జమ్మి పెట్టి, పాలపిట్టను చూసి, మటన్, రొట్టె తిని, మళ్లీ మూట కట్టుకొని పోవడమే. ఆ మూటలో ఏముంటుంది? పాడవనివి. మురుకులు, గర్జెలు, అరిసెలు, నువ్వుల ముద్దలు, తొక్కు, సత్తు. కర్ణాటక సరిహద్దు వైపు, నారాయణపేట, మక్తల్ పక్కన అయితే ఎండబెట్టిన కడక్ రొట్టె. అటువైపు ఉగాదికి చేసే బచ్చాలు, అంటే పోలెలు, కన్నడ హోళిగెకు చుట్టాలే. శనగపప్పు ఉడికించిన నీళ్లు పారబోయకుండా దాంతోనే చారు పెడతారు. బచ్చం కంటే ఆ చారు కోసమే కూర్చునేవాళ్లు ఉన్నారంటే నమ్మాలి.

భువనగిరి, సూర్యాపేట వైపు సంక్రాంతి మూటలో మొదటిది సకినాలు. కొత్త బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి పిండి పట్టిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద తెల్లటి గుడ్డ పరిచి, వేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ చుట్లు చుట్టాలి. గుడ్డ తడిని పీల్చేసుకున్నాకే నూనెలో వేయాలి. తొందరపడి తడి మీదే వేస్తే పేలతాయి, కాళ్లూ చేతులూ కాలతాయి. పదిహేను రోజులైనా కరకరలాడేది ఆ ఆరబెట్టడం వల్లే. ఒక్కరితో అయ్యే పని కాదు కాబట్టి ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి చుడతారు. కొత్తగా పెళ్లయిన బిడ్డ ఉంటే అత్తారింటికి గంపెడు పోవాల్సిందే.

ఇప్పుడు సకినాలు షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. కొనుక్కోవడం తప్పేం కాదు. కాకపోతే నాలుగిళ్ల ఆడవాళ్లు ఒక గుడ్డ చుట్టూ కూర్చునే మధ్యాహ్నం షాపులో దొరకదు. చుట్టడం చూడని పిల్లలకు చుట్టడం రాదు.

మధ్యలో ఇటలీ ఎందుకు?

2025 డిసెంబర్ 10న ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటలీ వంటకు అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. అదే రోజు మన దీపావళి కూడా ఆ జాబితాలో చేరింది. దీపావళి వార్త మన దగ్గర బాగా నడిచింది, ఇటలీ వార్త పక్కకు పోయింది. నేపుల్స్ పిజ్జా తయారీ కళకు 2017లోనే గుర్తింపు వచ్చింది. ఈసారి గుర్తింపు ఒక వంటకానికి కాదు, మొత్తం వంట పద్ధతికి.

ఇటలీ వాళ్లను అడిగితే 'ఇటలీ వంట' అని ఒకటి లేదంటారు. ఊరికో వంట. క్రిస్మస్‌కు మిలాన్‌లో పానెతోనె, వెరోనాలో పాందోరో, సియెనాలో పాన్‌ఫోర్తె. అందులో పాన్‌ఫోర్తె గట్టిగా, డ్రై ఫ్రూట్స్, తేనెతో ఉంటుంది, వారాల తరబడి నిల్వ ఉంటుంది. మన నువ్వుల ముద్దలాగే మూటలో పెట్టుకొని పోయే సరుకు. పొట్ట చేత పట్టుకొని అమెరికా పోయిన కూలీలే ఇటలీ తిండిని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇంత దాకా పాలమూరు కథే.

తేడా తర్వాత వచ్చింది. 1985లో ఇటలీ 'అగ్రితురిజ్మొ' పేరుతో ఒక చట్టం చేసింది. రైతు తన ఇంట్లోనే అతిథులను ఉంచుకొని, తన పొలంలో పండినదాంతో వండిపెట్టి డబ్బు తీసుకోవచ్చు. దాన్ని హోటల్ వ్యాపారంగా కాకుండా వ్యవసాయంలో భాగంగా చూస్తారు. ఊరి వంటకు ఊళ్లోనే ధర వచ్చింది. పంట మార్చకుండా ఉండటానికి రైతుకు ఒక కారణం దొరికింది.

మరి ఇక్కడ పరిస్థితి? భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చీర కోసం, సాగర్ డ్యామ్ కోసం, కొల్లాపూర్ దగ్గర సోమశిల కృష్ణా తీరం కోసం, పాలమూరు పిల్లలమర్రి కోసం జనం వస్తున్నారు. మధ్యాహ్నం ఆకలేస్తే హైవే మీద దొరికేది మాత్రం బిర్యానీ, ఫ్రైడ్ రైస్. చీరకు చిరునామా ఉంది, పచ్చి పులుసుకు లేదు.

దీనికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఇక్కడి పండుగ వంట అమ్మకానికి పుట్టింది కాదు, పంచడానికి పుట్టింది. సద్దుల రోజు చెరువు గట్టు మీద నిలబడితే ఎవరో ఒకామె మీ చేతిలో కూడా మలీద ముద్ద పెడుతుంది. ఎంత అని అడిగితే నవ్వుతుంది. దాన్ని ప్లేట్ లెక్కన అమ్మితే అది అదే వంటగా ఉంటుందా అనేది నిజంగానే కష్టమైన ప్రశ్న. కానీ రోజు వారీ వంటకు ఆ ఇబ్బంది లేదు. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, నువ్వుల పొడి వేసిన పచ్చి పులుసు, వానాకాలంలో మక్క గారెలు, తపాల చెక్క. వీటిని ఊళ్లోనే వండి అమ్మితే, రొట్టె కొట్టే ఆమె హైదరాబాద్ ఫుట్‌పాత్ దాకా రావాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

ఈసారి ఆ వైపు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. సద్దుల బతుకమ్మ చాలా ఊళ్లలో దుర్గాష్టమి రోజే జరిగినా, కొన్నిచోట్ల ముందూ వెనుకా ఉంటుంది. ఊళ్లో అడిగి బయలుదేరడం మంచిది. సకినాలు చుట్టడం చూడాలంటే సంక్రాంతికి వారం ముందు వెళ్లాలి, పండుగ రోజు వెళ్తే తినడమే మిగులుతుంది. కురుమూర్తి జాతర దీపావళి తర్వాత. పెద్దగట్టు మళ్లీ 2027లో. వెళ్లేటప్పుడు ఒక ఖాళీ డబ్బా తీసుకెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు అది ఖాళీగా ఉండదు.